తగరం గడ్డకట్టే గీత

ఏడు ఇనుప తలుపులలో చివరిది జయంధరుని వీపు వెనుక మూసుకుంది. గడియ పడిన చప్పుడు లేదు, తాళం తిరిగిన చప్పుడు లేదు. మాంత్రికుడు ఉల్కాముఖుడు పెదవి కదిపి ఒక్క మాట అన్నాడు. ఏనుగంత ఎత్తున్న తలుపు తనంతట తానే వచ్చి రాతిచట్రంలో ఒదిగిపోయింది. దానికి లోపలివైపు పిడి లేదు. పిడి కోసం వెతికిన చేతిని జయంధరుడు మెల్లగా నెరసిన గడ్డం మీదికి పోనిచ్చి, దువ్వుకుంటున్నట్టు నటించాడు.

ఆ గడ్డం అతనిది కాదు. ఒంటి మీది కాషాయమూ, మెడలోని రుద్రాక్షలూ అతనివి కావు. రజతపురి రాజు ఏకైక కుమార్తె తరళాదేవిని ఉల్కాముఖుడు ధూమగిరికి ఎత్తుకుపోయాడని తెలిసి, ఆమెను తెస్తానని మాట ఇచ్చి బయలుదేరిన కేదారపుర యువరాజు అతడు. దారిలో ఒక సత్రం ముందు, ఉల్కాముఖుడు పంపిన పల్లకి పిప్పలాదుడనే ముసలి రసవాది కోసం కాచుకుని ఉండడం చూశాడు. ఆ పెద్దాయనకు పాలలో నిద్రమందు కలిపి ఇచ్చి, సత్రం అటక మీద పడుకోబెట్టి, ఆయన వేషంలో తానే పల్లకి ఎక్కాడు. అంతవరకు నల్లేరు మీద బండిలా నడిచింది. కొలిమిగది మధ్యన నిలబడ్డాక గానీ అసలు సంగతి తట్టలేదు. కత్తిసాము తెలుసు, గుర్రపుస్వారీ తెలుసు, కోటగోడలు ఎక్కడం తెలుసు. లోహాలను గురించి మాత్రం అతనికి తెలిసిందల్లా బంగారం పచ్చగా ఉంటుందన్నది ఒక్కటే.

ధూమగిరి కడుపును తొలిచి కట్టిన గది అది. నల్లరాతి గోడల మీద రాగి చారలు పాముల్లా మెలికలు తిరిగి కొలిమి వెలుగులో కదులుతున్నట్టు మెరుస్తున్నాయి. కప్పులోని చిల్లు గుండా దిగిన ఎండ పసిడి కంబంలా నేల మీద నిలుచుంది. ఒక పక్క ఏనుగుగున్న మునిగేంత కంచు కొప్పెర. అందులో వజ్రరసం వెన్నెలను కాచి పోసినట్టు తెల్లగా, బరువుగా మరుగుతోంది. మరో పక్క కొలిమి. దాని మంట సొరంగం గుండా పోయి కొప్పెర అడుగున నాలుక చాపుతోంది. గోడవార బొగ్గులకుప్ప. ఎదుటి గోడలో ఇనుప ఊచల కిటికీ, దాని అవతల ఆకాశం తప్ప మరేమీ లేదు. మనిషెత్తు తోలుతిత్తుల దగ్గర మసిబారిన పట్టుచీర కట్టుకున్న యువతి ఒకతె నిలబడి, వచ్చినవాడిని కొరకొర చూస్తోంది.

"పిప్పలాదా, ఇలా రా," అన్నాడు ఉల్కాముఖుడు. అతని ముఖంలో సగం మామూలు మనిషి ముఖం. తక్కిన సగం ఆరని నిప్పుకణికలా లోలోపల ఎర్రగా రగులుతూ ఉంటుంది. అందుకే ఆ పేరు. అతడు జానెడు పొడవున్న స్ఫటికనాళాన్ని ఎత్తి చూపించాడు. అడుగున ఎర్రటి ద్రవం గోలీకాయంత ఉంది. "అగ్నిసర్పపు నెత్తురు. కాక పెరిగితే నాళంలో పైకి పాకుతుంది, తగ్గితే దిగుతుంది. కానీ ఇది ఇంకా గీత పడని నాళం, మూగది. ఎంత పాకితే ఎంత కాకో దీనికి ఎవరు చెప్పాలి?"

జయంధరుడు గంభీరంగా తల పంకించాడు. అడిగినవాడే చెబుతాడని అతని ఆశ. ఆశ ఫలించింది.

"తగరం చెప్పాలి. కరిగిన తగరం చల్లారుతూ చల్లారుతూ గడ్డకట్టడం మొదలయ్యాక, చివరి చుక్క గడ్డకట్టేదాకా దాని కాక వెంట్రుకవాసి కదలదు. ఏ దేశపు తగరమైనా, ఏ కొలిమిలోనైనా అదే చోటు. నెత్తురు నిలిచిన ఆ చోట నువ్వు గీత గీయాలి. ఈ నాళాన్ని కొప్పెరలో దించి, నెత్తురు సరిగ్గా ఆ గీతకు వచ్చినప్పుడు నేను వజ్రరసంలో దిగుతాను. నా ఒళ్ళు వజ్రమవుతుంది. ఆ పైన అది ఏ కత్తికీ తెగదు, ఏ బాణమూ దిగదు, ఏ రాజూ మిగలడు."

"గీత ఒకవేళ అటూ ఇటూ అయితే, ప్రభూ?"

"పైకి పోతే నేను బూడిద. కిందికి పోతే రాయి. ఆ రాజకుమారి నాణేలు పోసే టంకశాలలో పెరిగిన పిల్ల. లోహం వాసన చూసి పాళ్ళు చెప్పగలదట. గీత గీయమంటే గీయనంది. అందుకే తిత్తి దగ్గర నిలబెట్టాను. నువ్వు గీయనంటే ఎక్కడ నిలబెట్టాలో నాకు తెలుసు." ఉల్కాముఖుడు తగరపు కడ్డీలను రాతిబల్ల మీద పడేశాడు. "నేను హోమం ముగించి వస్తాను. ఈలోగా తగరం కరిగించి ఉంచు."

తలుపు అతనికి దారి ఇచ్చి మళ్ళీ మూసుకుంది.

తిత్తి మళ్ళీ ఊగసాగింది. ఆ హోరు చాటున తరళ గొంతు వినిపించింది. "పిప్పలాదుడు మా నాన్నగారి కొలువుకు వచ్చినప్పుడు నేను చిన్నపిల్లను. అప్పటికే ఆయన చేతులు ముడతలు పడ్డాయి. నీ చేతులు చూస్తే కళ్ళెం పట్టిన చేతుల్లా ఉన్నాయి. ఎవరు నువ్వు?"

జయంధరుడు కాషాయపు మడతలోంచి రజతపురి రాజముద్రిక తీసి, ఆమెకు మాత్రమే కనిపించేలా అరచేతిలో తిప్పాడు. "కేదారపురం జయంధరుణ్ణి. మీ నాన్నగారు పంపారు."

ఆమె కళ్ళు ఒక్క క్షణం చెమ్మగిల్లాయి. చేయి మాత్రం తిత్తిని వదలలేదు. "లోహాలను గురించి ఏమైనా తెలుసా, యువరాజా?"

"కత్తికి పదునుండాలని తెలుసు."

"అయితే ఇద్దరం చచ్చినట్టే," అంది తరళ నిట్టూర్చి. "ఇంతకుముందు గీత గీసిన మనిషిని కొండ కొమ్ము మీది నుంచి విసిరేశాడు. గీత సరిగా పడినా మిమ్మల్ని వదలడు. వజ్రరసం గుట్టు తెలిసినవాడు ప్రాణంతో బయటికి పోకూడదు కదా."

"సరిగా పడినా చావే అయితే తప్పుగానే గీద్దాం. పైకి జరిపి గీస్తే బూడిదవుతాడని తనే చెప్పాడుగా."

"నెత్తురు ఎక్కడ నిలిచిందో అతను పక్కన నిలబడి చూస్తాడు. గీతను జరపలేం. నెత్తురు నిలిచే చోటునే జరపాలి. అదీ కిందికే జరుగుతుంది." ఆమె చుట్టూ చూసి, బొగ్గులకుప్ప అడుగున చేయి పెట్టి, గుప్పెడు బూడిదరంగు పెళ్ళలు తీసింది. "సీసం. ఊచలను రాతిలో బిగించడానికి కరిగించి పోసినది. పారిపోవచ్చనే ఆశతో గోళ్ళతో, చీలలతో గీకి గీకి ఒక ఊచను వదులు చేశాను. తల బయట పెట్టి చూశాక తెలిసింది, అవతల కాలు మోపడానికి గడ్డిపోచ కూడా లేదని. సీసం మాత్రం దాచాను. తగరంలో వేరే లోహం కలిసిందంటే గడ్డకట్టే చోటు కిందికి జారుతుంది."

"ఇక ఆలస్యమెందుకు? చిటికెడు వేసేయండి."

"చిటికెడు వేస్తే దొరికిపోతాం. కొద్దిగా కల్తీ అయిన తగరం ఒకచోట నిలిచి గడ్డకట్టదు. కొంత గడ్డ, కొంత ద్రవం, సంకటిముద్దలా ఉంటూ చల్లారుతూనే పోతుంది. నాళంలో నెత్తురు జారుతూనే ఉంటుంది. జారే నెత్తురును చూసిన మరుక్షణం కల్తీ అని ఉల్కాముఖుడు పట్టేస్తాడు. ముందటి మనిషి పట్టుబడింది అలాగే." తరళ రాతిబల్ల మీది త్రాసు వైపు చూసింది. "ఒక్క కొలత మాత్రం వేరు. లోహాలను అతికే మాటు వేసే కంసాలులందరికీ అది తెలుసు. మూడు వంతుల తగరానికి రెండు వంతుల సీసం, కాస్త తక్కువగా. అప్పుడు రెండు లోహాలూ ఒక్క మాట మీద నడిచే ఆలుమగల్లా ఒకేసారి, ఒకేచోట గడ్డకడతాయి. నెత్తురు స్వచ్ఛమైన తగరానికి నిలిచినట్టే నిలుస్తుంది. కానీ చాలా కింద."

ఆమె తగరాన్నీ సీసాన్నీ తూచింది. సీసం తట్ట గాలిలో తేలిపోయింది. ఇంకా అంత కావాలి.

"కిటికీకి కింది గుంటల్లో సీసమంతా గీకేశాను. పైగుంటల్లో ఉంది. వాటిని బయటివైపు నుంచి పోశారు. లోపలి నుంచి చేయి అందదు."

జయంధరుడు రుద్రాక్షలు తీసి బల్ల మీద పెట్టాడు. నడుములో దాచిన పిడిబాకును పళ్ళ మధ్య కరచుకున్నాడు.

వదులైన ఊచను పక్కకు వంచి బయటికి దూరేసరికి గాలి అతన్ని గోడ నుంచి ఊడబెరకడానికి చూసింది. ధూమగిరి శిఖరం నుంచి పాతాళం దాకా నిలువునా చెక్కినట్టున్న కొండచరియ. ఎక్కడో అడుగున గంధకపు ఊటలు పసుపుపచ్చగా బుడగలు కక్కుతున్నాయి. ఆ ఆవిరి పైకి లేచి కళ్ళను మండిస్తోంది. ఒక కాలు కిటికీ అంచున, ఒక చేయి ఊచ మీద, మరో చేతిలో బాకు. పైగుంటలోని సీసం చలికాలపు వెన్నలా పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. లేచిన పెళ్ళను లేచినట్టే కాషాయపు జోలెలో వేసుకున్నాడు. రెండో గుంట దగ్గరికి పాకబోతుండగా తల మీద నీడ పడింది.

కొండగద్ద. దాని రెక్కల విప్పు ఒక పడవ తెరచాపంత. ఇనుపకొక్కెం లాంటి ముక్కు సూటిగా అతని మెడ మీదికి వచ్చింది. జయంధరుడు తల పక్కకు తిప్పాడు. ముక్కు గడ్డంలో దిగి పిప్పలాదుని నెరసిన గడ్డాన్ని కూకటివేళ్ళతో పెకలించుకుపోయింది. గద్ద ఆ వెంట్రుకల కుచ్చును ఏ జంతువో అనుకుని గోళ్ళతో బిగించి గాలిలో గిరికీలు కొట్టింది. అది మళ్ళీ తిరిగి వచ్చేలోగా అతను రెండో గుంటను కూడా తవ్వేశాడు. కాలు జారింది. ఒంటిచేత్తో ఊచను పట్టుకుని వేలాడాడు. ఊచ గుంటలోంచి సగం ఊడి వచ్చింది. లోపలి నుంచి తరళ రెండు చేతులూ చాచి అతని మణికట్టు పట్టుకుని, పాదాలు గోడకు తన్నిపెట్టి, బావిలోంచి బిందె తోడినట్టు లోపలికి లాగేసింది.

కాసేపు ఇద్దరూ నేల మీద కూలబడి ఊపిరి తీసుకున్నారు.

"మీ గడ్డమేది?" అంది తరళ.

"గద్ద గూటికి."

ఆమెకు నవ్వు వచ్చింది. ఎన్నాళ్ళ తర్వాత వచ్చిందో, అది సగంలోనే ఆగిపోయింది. గబగబా చీరకొంగు చించి అతని ముక్కు, నోరు కప్పి వెనక ముడివేసింది. కనుబొమలకు మసి పూసింది, చెంపల మీది వెంట్రుకలకు నిప్పు సెగ చూపించింది. వెంట్రుకలు కాలిన కమురు గదంతా నిండింది. "కొలిమి ఎగదన్నిందని చెప్పండి. నమ్ముతాడో లేదో మీ అదృష్టం."

ఈసారి తూకంలో పాళ్ళు సరిగ్గా కుదిరాయి. మూసలో తగరం కరిగింది, సీసం దానిలో కలిసి కనబడకుండా పోయింది. పైన చూస్తే అద్దం లాంటి తెల్లటి మెరుపు, అంతే. సీసం వేయకముందే పోసి చల్లార్చిన కల్తీ లేని తగరపు పుల్ల ఒకదాన్ని తరళ యువరాజు చేతిలో పెట్టింది. "దీన్ని వంచితే కిర్రుమని ఏడుస్తుంది. తగరపు ఏడుపు. సీసం కలిసినది ఏడవదు. ఉల్కాముఖుడు తప్పకుండా వంచి చూస్తాడు. అక్కడ నా చేతిలో ఉపాయమేమీ లేదు."

"నా చేతిలో ఉంది," అని జయంధరుడు పుల్లను చేతిగుడ్డలోకి జార్చాడు.

తలుపు కదిలింది. ఉల్కాముఖుడు ఒంటినిండా మంటను ఆపే పసరు పూసుకుని, చేత మంత్రదండంతో వచ్చాడు. రాగానే గాలి వాసన చూశాడు. "ఏమిటిది? నీ గడ్డమేమైంది?"

"కొలిమి ఎగదన్నింది, ప్రభూ. ముఖమంతా బొబ్బలు," అన్నాడు జయంధరుడు గుడ్డ చాటున ముసలిగొంతుతో మూలుగుతూ.

నిప్పుకణిక చెంప అతని ముఖానికి దగ్గరగా వచ్చింది. గుడ్డ విప్పమంటే అంతా అక్కడే ముగిసిపోతుంది. "మంత్రం లేనివాళ్ళ బతుకింతే," అని ఉల్కాముఖుడు నవ్వి మూస వైపు తిరిగాడు. "తగరం ఏడుపు వినిపించు."

జయంధరుడు గరిటెతో మూసలోంచి లోహం తీసి, నీళ్ళతొట్టిలో ఒంపాడు. చుయ్యిమని ఆవిరి లేచి ఇద్దరి మధ్యా తెరలా నిలిచింది. ఆ తెర చాటున అతని వేళ్ళు నీళ్ళలోకి పోయాయి. బయటికి వచ్చిన పుల్ల వేరు. ఉల్కాముఖుడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వంచాడు. పుల్ల కిర్రుమని మూలిగింది.

"స్వచ్ఛం," అన్నాడు మాంత్రికుడు. "నాళం దించు."

మూసను పటకారుతో మంట మీది నుంచి దించారు. నాళం లోహంలో మునిగింది. నాళంలో పై దాకా పాకిన నెత్తురు, లోహం చల్లారుతున్నకొద్దీ మెల్లగా దిగసాగింది. దిగింది, ఇంకా దిగింది. ఉల్కాముఖుని కనుబొమ ముడిపడింది. మంత్రదండం చేతిలో కొద్దిగా లేచింది. లోహం ఇంకా నీళ్ళలానే ఊగుతోంది, నెత్తురు ఎక్కడా నిలవడం లేదు.

తరళ తిత్తి వదలకుండానే, మాట్లాడకుండానే కాలితో మూస అంచును తాటించింది.

లోహం ఒక్కసారిగా జలదరించింది. అద్దం మీద మంచుపూలు పూసినట్టు పైపొర మీద గడ్డ మొలకలు పాకాయి. దిగుతున్న నెత్తురు తుళ్ళిపడి కొంచెం పైకి లేచి, ఒక చోట ఆగింది. ఆగి, అలాగే నిలిచిపోయింది. నిద్రపట్టిన కాకను తట్టి లేపినట్టుంది.

"గడ్డకట్టాల్సిన చోటు దాటి దిగిపోవడం, తట్టగానే లేచి తన చోటికి రావడం లోహాలకు ఉన్న పాత అలవాటే, ప్రభూ," అన్నాడు జయంధరుడు. ఆ మాట అతనికి అంతకుముందు క్షణం దాకా తెలియదు. తరళ ముఖంలోని నెమ్మది చూసి అన్నాడు.

ఉల్కాముఖుడు చాలాసేపు నెత్తురు వైపే చూశాడు. అది కదలలేదు. అప్పుడు వజ్రపుమొన తీసి యువరాజు చేతికిచ్చాడు. జయంధరుడు స్ఫటికం మీద గీత గీశాడు.

నాళం కొప్పెరలోకి దిగింది. కొప్పెర కింది మంట తగ్గించారు. మరుగుతున్న వజ్రరసం బుడగలు మాని, నిశ్చలమై, పాలరాతి నేలలా నునుపుదేరింది. నెత్తురు గీత వైపు దిగుతోంది. ఉల్కాముఖుడు మంత్రదండాన్ని కొప్పెర అంచున ఆనించి మెట్లెక్కాడు. "రసం ఒక్క ఒంటికే సరిపోతుంది. లేకపోతే ముందు నిన్నే దించి చూసేవాణ్ణి, పిప్పలాదా."

నెత్తురు గీతను తాకింది. మాంత్రికుడు నడుములోతు దిగి, తల మీద పోసుకోవడానికి రెండు చేతులూ రసంలో ముంచాడు.

పటపటమని చప్పుడైంది. అతని ఒంటి చుట్టూ తెల్లటి పొర పెఠిల్లుతూ పుట్టి, చక్రంలా కొప్పెర అంచు వైపు పరుగెత్తింది. ముంచిన చేతులు మోచేతుల దాకా రాతిలో బిగుసుకుపోయాయి. నాళంలో నెత్తురు గీత దాటి ఎగిరి పైన ఒక చోట నిలిచింది. జయంధరుడు ఒక్క గెంతులో మెట్లెక్కి, మంత్రదండాన్ని పటకారుతో లాగి కొలిమిలో విసిరేశాడు. అది పచ్చటి మంటతో భగ్గుమంది.

ఉల్కాముఖుడు అరవలేదు. కిందికి చూసుకున్నాడు, నాళం వైపు చూశాడు, ఆ తర్వాత తరళ వైపు చూశాడు. "సీసం," అన్నాడు మెల్లగా.

"సీసమే," అంది తరళ.

"తెలివైనదానివి. ఇప్పుడు బయటికి పో, చూద్దాం." నిప్పుచెంప ఎర్రగా వెలిగింది. "ఏడు తలుపులూ నా గొంతుకు తప్ప దేనికీ తెరుచుకోవు. ఈ రాయి పైకి పాకుతుంది. నా గొంతు దాకా వచ్చిందంటే ఈ కొండలో నాతోపాటు మీకూ సమాధే. మంట పెంచండి. రసం కరిగితే నేను లేస్తాను, తలుపు తీస్తాను."

"లేచి మమ్మల్ని చంపుతావు," అన్నాడు జయంధరుడు ముఖం మీది గుడ్డ లాగేసి.

"చంపుతాను. లేకపోతే ఆకలితో చస్తారు. ఏది కావాలో మీరే తేల్చుకోండి."

తెల్లటి పొర అతని పొట్ట మీదికి పాకింది. చప్పుడు చేస్తూ ఛాతీ అంచుకు చేరింది. జయంధరుడు తలుపు దగ్గరికి పరుగెత్తి భుజంతో గుద్దాడు, బాకు మొనను చట్రంలో దూర్చి పెకలించబోయాడు. మొన విరిగింది. వెనక్కి తిరిగి చూసేసరికి తరళ తిత్తి మీద చేతులు వేసి ఊదుతోంది. ఎక్కువ కాదు, తక్కువ కాదు. ఒకసారి ఊది, ఆగి, కొప్పెర అంచు కేసి చూసి, మళ్ళీ ఒకసారి.

పాకుతున్న పొర ఆగింది.

"ఏం చేస్తున్నారు?"

"కొంత గడ్డ, కొంత ద్రవం పక్కపక్కన ఉన్నంతసేపు రసం తన చోటు వదిలి కదలదు," అంది ఆమె. "రసం పోగొట్టుకున్నంత కాకను మంట తిరిగి ఇస్తే చాలు. పైకి పాకదు, కిందికి కరగదు. ఇలా ఉంచితే ఇతను రాయీ కాడు, వజ్రమూ కాడు." ఆమె ఉల్కాముఖుని వైపు తిరిగింది. "ఇక నా మాట విను. తలుపులన్నీ తెరువు. యువరాజు కొండ దాటేదాకా తెరిచే ఉంచు. ఒక్క తలుపు మూసినా నేను తిత్తి ఆపేస్తాను. నీ గొంతు దాకా ఎంతో దూరం లేదు."

జయంధరుడు అడ్డుపడ్డాడు. "యువరాజు కాదు, రాకుమారి వెళుతుంది. నేనిక్కడుంటాను. ఊదడమేగా."

"ఊదడం కాదు," అంది తరళ. "నాళం చూసి ఊదితే మోసపోతారు. ముప్పాతిక గడ్డకట్టినా, పాతిక గడ్డకట్టినా నెత్తురు ఒకే చోట ఉంటుంది. అంచున ద్రవం ఎంత మిగిలిందో, పొర ఏ రంగు తిరుగుతోందో చూసి చేయి ఆడాలి. నాకు నడక రాని వయసు నుంచి మూసల దగ్గర కూర్చున్నాను. మీరు ఒక్క జాము కూడా నిలపలేరు. మీకు గుర్రాలు తెలుసు, దారులు తెలుసు. నాకు ఇది తెలుసు."

"ఇద్దరం కలిసి వెళ్ళిపోతే?"

"మనం మూడో తలుపు దగ్గర ఉండగా ఇతను తలుపులన్నీ మూసి రాయి అయిపోతాడు. ముందూ వెనకా ఇనుము మధ్య మిగులుతాం." మాటకూ మాటకూ మధ్య తిత్తి ఒక ఊపు ఎక్కువ పీల్చుకుంది. "రజతపురి వెండిగనులలో కొండలు తొలిచే పనివాళ్ళున్నారు. వాళ్ళను తీసుకుని రండి. కిటికీ పక్క గోడ తొలిస్తే ఇతని గొంతుతో పని లేకుండా నేను బయటపడతాను. కుండలో నీళ్ళున్నాయి. రొట్టెలున్నాయి."

"నిద్ర?"

"నిద్ర సంగతి మీ గుర్రం చూసుకోవాలి."

జయంధరుడు రాజముద్రిక తీసి ఆమె పక్కన బొగ్గుల మీద పెట్టాడు. ఆమె దాని కేసి చూడలేదు. కొప్పెర అంచు కేసే చూస్తోంది.

"తెరుచుకో," అన్నాడు ఉల్కాముఖుడు పళ్ళ సందుల్లోంచి. ఏడో తలుపు కదిలింది. దాని వెనుక ఆరోది, ఐదోది, ఒకదాని వెంట ఒకటి, చీకటి దారి పొడవునా ఇనుము ఒరిసిన చప్పుళ్ళు దూరమవుతూ పోయాయి.

జయంధరుడు పరుగెత్తాడు. రాతిదారి మలుపులు తిరుగుతూ దిగుతోంది. గోడలకు చెక్కిన వికృతరూపాలు నిప్పుకళ్ళతో చూస్తున్నాయి. వెనక నుంచి తిత్తి చప్పుడు గుండెచప్పుడులా వినిపిస్తూనే ఉంది. తలుపు తరువాత తలుపు దాటాడు. దూరంగా సన్నటి పగటివెలుగు కనిపించింది. అదే మొదటి తలుపు, బయటి తలుపు.

అంతలో చప్పుడు ఆగింది.

తిత్తి ఊపిరి వినబడడం లేదు. ఎదుటి తలుపు రాతిచట్రం వైపు జరుగుతోంది. పగటివెలుగు చీర అంచంతయింది, తాడంతయింది. జయంధరుడు చీలికలోకి భుజం దూర్చాడు. ఇనుము ఎముకల మీద బిగిసింది. ఊపిరాడలేదు. మాంత్రికుడు మాట తప్పాడనీ, ఆమె మాట నిలబెట్టుకుందనీ అతనికి అర్థమైంది. కొండ గర్భంలోంచి ఒక అరుపు వచ్చింది, గొంతు కింద రాయి మొలుస్తున్నవాడి అరుపు. "తెరుచుకో."

ఇనుము వెనక్కి తగ్గింది. అతడు ముందుకు పడ్డాడు, ఎండలో, రాళ్ళ మీద. చెవి నేలకు ఆనించి విన్నాడు. చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత, ఎంతో లోతులో, తిత్తి మళ్ళీ ఊపిరి తీసుకుంది. ఒకసారి. ఆగి, మళ్ళీ ఒకసారి.

జయంధరుడు లేచి నిలబడ్డాడు. గదిలోని బొగ్గులకుప్ప ఎంత ఉందో చూసే వచ్చాడు. రజతపురి ఎంత దూరమో కూడా అతనికి తెలుసు. రెండింటినీ మనసులో త్రాసు వేసి చూస్తే ఎటూ సరితూగలేదు, మంచి గుర్రం దొరికితే తప్ప.

గుర్రాలు కొండ దిగువనే ఉన్నాయి. ఉల్కాముఖుని కావలివాళ్ళు నల్లటి జవనాశ్వాలకు వాగు ఒడ్డున నీళ్ళు తాగిస్తూ, తెరిచి ఉన్న తలుపును చూసి ఈటెలు ఎత్తుతున్నారు. లోపల ఏం జరిగిందో వాళ్ళకింకా తెలియదు. యువరాజు చేతిలో విరిగిన బాకు తప్ప ఏమీ లేదు. అతడు నడుము వంచాడు. చీరకొంగు గుడ్డను మళ్ళీ ముఖానికి చుట్టుకున్నాడు. ఒక్కో గడియా ప్రాణమంత విలువైన ఆ వేళ, పరుగెత్తమని కాళ్ళు పీకుతుండగా, ముసలి పిప్పలాదుడిలా మూలుగుతూ, అడుగులో అడుగు వేసుకుంటూ, నెమ్మదిగా ఆ ఈటెల వైపు దిగసాగాడు.